తిరుపతి ఓపీలో కుష్ఠు: ఎవరు వస్తున్నారు, ఏ దశలో వస్తున్నారు

కుష్ఠు వ్యాధి మన దేశం నుంచి పోయిందని చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. అలా నమ్మడానికి కారణం లేకపోలేదు. ప్రతి 10 వేల జనాభాకు చికిత్సలో ఉన్న రోగుల సంఖ్య ఒకటికన్నా తగ్గిందని, కాబట్టి జాతీయ స్థాయిలో ఇది ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 డిసెంబరు నాటి లెక్కల ఆధారంగా ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చి రెండు దశాబ్దాలైంది. ఇప్పటికీ ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్ఠు రోగుల్లో సగానికి పైగా మన దేశంవారే. ఏడాదికి లక్షకు పైగా కొత్త కేసులు నమోదవుతున్నాయి. బ్రెజిల్, ఇండొనేషియా మన తరువాతి స్థానాల్లో ఉన్నాయి. తిరుపతిలో చర్మవ్యాధుల ఓపీ చూసే వైద్యులెవరికీ ఇది వింతగా తోచదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఆ పనే చేస్తున్న నాకు, సంఖ్యలకన్నా ఎక్కువగా కనిపించేది రోగుల తీరులో, అంటే ఎవరు ఏ దశలో వస్తున్నారన్నదానిలో, వచ్చిన మార్పు. ఆ మార్పులో కొంత వ్యాధి సహజ గతి వల్ల వచ్చిందేమో గానీ, ఎక్కువ భాగం మాత్రం మనం ఇల్లిల్లూ తిరిగి వెతకడం మానేసినందువల్ల వచ్చిందని నా అభిప్రాయం.

ముందుగా ఆ లెక్క ఎలా తగ్గిందో చూడాలి. జాతీయ కార్యక్రమం చెప్పే లెక్క ప్రకారం 1981లో 10 వేల మందికి 57 మందికి పైగా రోగులు ఉండేవారు. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మూడు మందులను కలిపి ఇచ్చే ఎండీటీ 1983 తరువాత దేశంలో దశలవారీగా అమలయ్యాక లక్షలాది మంది నయమయ్యారు. ఆ ఘనతను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ ఆ 57, ఒకటికి చేరడంలో గణితానికీ వాటా ఉంది. ఒక తేదీన మందు తింటున్నవారిని మాత్రమే ఈ రేటు లెక్కిస్తుంది. డాప్సోన్ ఒక్కటే మందుగా ఉన్న రోజుల్లో చాలామంది ఏళ్ల తరబడి, కొందరు జీవితాంతం మందు తినేవారు. ఎండీటీ వచ్చాక తీవ్ర రకానికి చికిత్స 24 నెలలైంది, 1998 ప్రాంతంలో 12 నెలలకు తగ్గింది. తేలిక రకానికి 6 నెలలే. కోర్సు పూర్తయిన రోజున పేరు ఎదురుగా ఆర్‌ఎఫ్‌టీ (చికిత్స నుంచి విడుదల) అని రాసి రిజిస్టరులోంచి తీసేస్తారు. ఈ రాత్రి కాటేజీల్లో పడుకున్నవారిని మాత్రమే లెక్కపెట్టి తిరుమలకు ఈ ఏడాది వచ్చిన యాత్రికులు ఇంతేనని చెప్పినట్లుంటుంది ఈ పద్ధతి. వ్యాధి వ్యాపిస్తోందా, ఆగిందా అన్నది తెలియాలంటే ఏడాదిలో కొత్తగా ఎందరు బయటపడ్డారు, వారిలో పిల్లలెందరు, మొదటిసారి వచ్చేసరికే వైకల్యం ఉన్నవారెందరు అన్నవి చూడాలి.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలుగా విడిపోయింది; తిరుపతి జిల్లాలో నెల్లూరు వైపు నుంచి కొన్ని మండలాలు కలిశాయి. పాత జిల్లా గ్రాఫు పక్కన కొత్త జిల్లా గ్రాఫు పెట్టి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అని చెప్పే పవర్‌పాయింట్లను నేను ఇక నమ్మడం మానేశాను.

2000 తరువాత ప్రత్యేక కుష్ఠు విభాగాలను సాధారణ ఆరోగ్య సేవల్లో కలిపేశారు. అంతకుముందు కుష్ఠు కార్యకర్తలు సైకిళ్ల మీద ఊరూరా తిరిగి, బడి పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి, చొక్కాలు విప్పించి ఒళ్లంతా చూసేవారు. ఒక చిన్న మచ్చను, ఆ పిల్లవాడి తల్లికంటే ముందు వాళ్లే పట్టుకునేవారు. విలీనం తరువాత, రోగి తనంతట తాను వస్తేనే కేసు అన్న పద్ధతి మిగిలింది. 2016లో ఎక్కువ వ్యాధి ఉన్న జిల్లాల్లో మళ్లీ ఇంటింటి గాలింపు జరిపినప్పుడు 30 వేలకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. అంతమందికి అకస్మాత్తుగా వ్యాధి రాలేదు; అప్పటివరకు ఎవరూ వాళ్ల ఇంటికి వెళ్లలేదు. ఇక ఆసుపత్రి రిజిస్టరు విషయానికి వస్తే, అది గడప దాటి వచ్చినవారి జాబితా. నొప్పి లేనివారు, మచ్చ చీర కింద దాగిపోయినవారు, రోజు కూలి వదులుకోలేనివారు అందులో ఉండరు.

కుష్ఠుకు కారణమైన మైకోబ్యాక్టీరియం లెప్రే ఒకటే అయినా అది ఒక్కో మనిషిలో ఒక్కో రూపం తీసుకుంటుంది. రూపాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఆ మనిషి రోగనిరోధక శక్తి. 1966లో రిడ్లీ, జాప్లింగ్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని ఐదు మెట్లుగా విభజించారు: ఆ శక్తి బలంగా ఉండే చివర ట్యూబర్‌క్యులాయిడ్, బలహీనంగా ఉండే చివర లెప్రొమేటస్, మధ్యలో మూడు బోర్డర్‌లైన్ రకాలు. మన దేశంలోని ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది బోర్డర్‌లైన్ ట్యూబర్‌క్యులాయిడ్, అంటే మేం బీటీ అని పిలుచుకునేది. ఇది ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. మోచేతి మీదో, పిరుదు మీదో, వీపు మీదో అరచేయంత మచ్చ ఉంటుంది, చుట్టూ ఉన్న చర్మం కన్నా కాస్త పాలిపోయి గానీ రాగి రంగులో గానీ. అంచు ఒకవైపు స్పష్టంగా తెలుస్తుంది, మరోవైపు మామూలు చర్మంలో కలిసిపోతుంది. పక్కనే ఒకటి రెండు పిల్ల మచ్చలు. మచ్చ మీద వెంట్రుకలు పలచబడతాయి. అన్నింటికన్నా నాకు ఎక్కువగా ఉపయోగపడిన గుర్తు చెమట. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద బస్సు దిగి నడిచి వచ్చిన మనిషి చొక్కా విప్పితే వీపంతా తడిసి మెరుస్తుంటుంది, ఆ మచ్చ మేరకు మాత్రం పొడిగా, గరుకుగా ఉంటుంది. ఆ తరువాత కళ్లు మూసుకోమని చెప్పి, దూది కొసను సన్నగా మెలిపెట్టి తాకిస్తూ, తగిలినచోట వేలు పెట్టమంటాం. మామూలు చర్మం మీద తడుముకోకుండా చూపిస్తారు. మచ్చ మీద తాకించినప్పుడు చేయి కదలదు, “ఇంకా పెట్టలేదా సార్?” అని అడుగుతారు.

“నొప్పీ లేదు, దురదా లేదు సార్, అందుకనే ఊరకున్నాం” అన్న మాట వినని వారం ఉండదు. దురద లేకపోవడమే ఈ వ్యాధిలో పెద్ద మోసం. తామర వచ్చినవాడు మూడో రోజే మందుల షాపుకు పోతాడు. కుష్ఠు మచ్చ ఉన్నవాడు ఏళ్ల తరబడి దాన్ని శోభి అనుకుంటూ గడిపేస్తాడు. చర్మం పూర్తిగా తెల్లబడే బొల్లి మచ్చను చూసి భయపడే కుటుంబమే, స్పర్శ పోయిన ఈ పాలిపోయిన మచ్చను అసలు లెక్కచేయదు. బొల్లికీ కుష్ఠుకూ ఏ సంబంధమూ లేదని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

రెండో చివర ఉన్న లెప్రొమేటస్ రకం ఇంకా మోసకారి. ఇందులో మొదట విడిగా మచ్చ అంటూ కనబడదు, స్పర్శ కూడా చాలాకాలం నిలిచే ఉంటుంది. ముఖం నునుపుగా నూనె రాసినట్లుంటుంది, కనుబొమల బయటి భాగం పలచబడుతుంది, ముక్కు తరచూ దిబ్బడేస్తుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఈ రోగి ముక్కు డాక్టరు దగ్గరికి, పాదాల వాపు కోసం ఇంకొక డాక్టరు దగ్గరికి తిరిగి తిరిగి చివరకు మా దగ్గరికి వస్తాడు. వ్యాధి ఇంట్లో, వీధిలో పాకడానికి ముఖ్యమైన వనరు ఈ రకం రోగే. తాకితే అంటుకునే రోగమని లోకం భయపడుతుంది గానీ, సూక్ష్మజీవి ప్రధానంగా చికిత్స పొందని రోగి ముక్కు నుంచి, దీర్ఘకాలం దగ్గరగా మసలినవారికి చేరుతుంది. చేరినా నూటికి 95 మందికి సహజ నిరోధకత ఉండటం వల్ల వ్యాధి రాదు. వచ్చేవారికి సగటున అయిదేళ్లకు, కొందరికి ఇరవై ఏళ్లకు కూడా లక్షణాలు బయటపడవచ్చు.

ఈ ఊళ్లో మాత్రమే సులువుగా దొరికే పాఠం ఒకటి ఉంది. తలనీలాలు సమర్పించి కొండ దిగి, అలాగే ఆసుపత్రికి వచ్చేవాళ్లు మాకు మామూలే. అలాంటి లెప్రొమేటస్ రోగిని విద్యార్థులకు చూపించినప్పుడు, గుండు మీద ఒక్క బుడిపె లేకపోవడం, దానికి బెత్తెడు దూరంలోనే చెవి తమ్మె దళసరిగా, ముడతలు పడి, గడ్డలు కట్టి ఉండటం ఒకే చూపులో తెలుస్తాయి. ఈ సూక్ష్మజీవికి శరీరంలో చల్లగా ఉండే భాగాలంటేనే ఇష్టం. చెవులు, ముక్కు, మోచేతులు, మోకాళ్లు, చర్మానికి దగ్గరగా పోయే నరాలు దాని స్థావరాలు. వెచ్చగా ఉండే తల, చంకలు, గజ్జల జోలికి అది సాధారణంగా పోదు. అందుకే స్మియరు పరీక్షకు, అంటే సూక్ష్మజీవిని మైక్రోస్కోపులో వెతకడానికి, చెవి తమ్మెను చిన్నగా గీరి రసి తీస్తాం. మెడ పక్కకు తిప్పమంటే కొందరిలో చెవి వైపు పోయే నరం చర్మం కింద తాడులా లేచి కనిపిస్తుంది.

నరాల సంగతి వచ్చింది కాబట్టి, అసలు మచ్చే లేకుండా నరానికి మాత్రమే వచ్చే కుష్ఠు మన దేశంలో ఇతర దేశాలకన్నా ఎక్కువగా కనిపిస్తుందని చెప్పాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి మెల్లగా వంగిపోతాయి. మోచేతి వెనుక నరాన్ని వేలితో తడిమితే లావుగా, నొప్పిగా ఉంటుంది. నడుస్తుంటే చెప్పు జారిపోవడం, పాదం ముందు భాగం లేవక వేలాడటం మరికొందరిలో మొదటి గుర్తు. షుగరు వ్యాధి ఇంత విస్తరించిన కాలంలో ఇలాంటివారందరూ ముందుగా ‘షుగరు నరాల జబ్బు’ అనే చీటీతో తిరుగుతారు. షుగరు రోగిలోనూ కుష్ఠు రోగిలోనూ అరికాలి పుండు ఒకేలా ఉంటుంది. షుగరు ఉన్నంత మాత్రాన కుష్ఠు ఉండకూడదని నియమమేమీ లేదు. మోచేతి నరం, మోకాలి పక్క నరం తడమడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషాన్ని మన వైద్య విద్య ఇప్పుడు విద్యార్థులకు నేర్పడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఎవరికి వస్తోంది అన్న ప్రశ్నకు ఆసుపత్రి లెక్కలు ఎప్పుడూ ఒకే సమాధానం ఇస్తాయి: స్త్రీలకన్నా పురుషులు ఎక్కువ, 20 నుంచి 50 ఏళ్ల మధ్యవారు ఎక్కువ. పురుషులు బయట తిరుగుతారు కాబట్టి ఎక్కువ అని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి. పిల్లల్లో మగ, ఆడ తేడా అంతగా ఉండదు. పెద్దయ్యాకే ఆ తేడా పెరుగుతుంది. పెద్దయ్యాక ఆడవాళ్లకు వ్యాధి తగ్గిందని అనుకోవడంకన్నా, వాళ్లు ఆసుపత్రికి రావడం తగ్గిందని అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. వీపు మీద మచ్చను మగ డాక్టరుకు చూపించడానికి మొహమాటం, అత్తింట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం, ఇంటిపని వదలలేకపోవడం, అన్నీ కలిసి ఏళ్లు గడిచిపోతాయి. వచ్చిన తరువాత కూడా చికిత్స మధ్యలో ఆపేసే ప్రమాదం వారిలోనే ఎక్కువ, ఎందుకంటే క్లోఫాజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది. కోర్సు పూర్తయ్యాక ఆ నలుపు నెలల మీద తగ్గిపోతుందని మొదటి రోజే చెప్పకపోతే, రెండో బ్లిస్టర్ ప్యాక్ బీరువాలో మిగిలిపోతుంది. మందు ఆపేసిన ఒక ఇల్లాలిని ఎందుకమ్మా అని అడిగితే, “పెళ్లికి పోతే అందరూ ‘ఏం ఇట్లా మాడిపోయినావ్’ అంటా ఉండారు సార్” అని సమాధానం చెప్పింది. ఆమె చెప్పిన కారణంలో నాకు తప్పు కనబడలేదు.

పిల్లల్లో కొత్త కేసు బయటపడటం అంటే ఆ ఇంట్లోనో, దగ్గర బంధువుల్లోనో చికిత్స పొందని పెద్ద మనిషి ఉన్నాడని అర్థం. నానమ్మనో, మేనమామనో పిలిపించి చూస్తే తరచూ అక్కడే దొరుకుతుంది.

ఇంకొక మార్పు వలస. ఇటుక బట్టీల్లో, భవన నిర్మాణంలో, శ్రీసిటీ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేయడానికి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, బీహార్ నుంచి వస్తున్న యువకుల్లో ఎక్కువ మచ్చలుండే తీవ్ర రకం తరచుగా కనిపిస్తోంది. ఇప్పుడు దేశంలో వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అవి ఉన్నాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. అయితే ‘బయటివాళ్లు తెస్తున్నారు’ అన్న మాట వినిపించినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాలే ఈ వ్యాధికి పేరుపడ్డ చోట్లు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోని భాగమే. వేలూరు దగ్గరి కరిగిరిలో 1955లో షీఫెలిన్ కుష్ఠు కేంద్రం వెలసింది, గుడియాత్తం తాలూకాలో అది దశాబ్దాలు ఇంటింటి సర్వే నడిపింది, ఇదంతా మన సరిహద్దుకు అవతల కొద్ది మైళ్లలోనే. వలస కూలీకి ఉన్న అసలు కష్టం వేరు: మందులు ప్రతి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే గానీ, ఇక్కడ మొదలుపెట్టిన కోర్సు మూడో నెలలో బట్టీ మూతపడటంతో ఏ ఊరికి పోతుందో మా రిజిస్టరుకు తెలియదు.

చికిత్స మొదలయ్యాక, ఒక్కోసారి ముగిశాక కూడా, కొందరిలో రియాక్షన్లు, అంటే రోగనిరోధక శక్తి ఉన్నట్టుండి రేగడం వల్ల పుట్టే వాపులు, వస్తాయి. బోర్డర్‌లైన్ రకంలో పాత మచ్చలు ఎర్రగా వాచి, నరం నొప్పిపుట్టి, రోజుల వ్యవధిలో చేయి పడిపోవచ్చు. లెప్రొమేటస్ రకంలో జ్వరంతో ఎర్రని, ముట్టుకుంటే నొప్పెట్టే గడ్డలు లేస్తాయి. ఈ దశలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సకాలంలో పడితే నరం దక్కుతుంది. రోగి మాత్రం మందు వికటించిందని అనుకుని ఎండీటీ ఆపేస్తాడు, అది ఆపవలసిన పని లేదు. రియాక్షన్‌తో వచ్చేవారి సంఖ్య ఆసుపత్రి లెక్కల్లో ఎక్కువగా కనబడటానికి కారణం కూడా ఇదే. ప్రశాంతంగా కోర్సు పూర్తి చేసుకునేవారు పీహెచ్‌సీలోనే ఆగిపోతారు, గొడవ పెట్టిన నరాలే తిరుపతి దాకా ప్రయాణం చేస్తాయి.

కుష్ఠులో వేళ్లు ‘కొరుక్కుపోతాయి’ అన్న అపోహను పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1940ల చివర నుంచి ఓపిగ్గా తుడిచిపెట్టాడు. నొప్పి తెలియని చేయి వేడి గిన్నెను వదలదు, నొప్పి తెలియని కాలు మేకు మీద కూడా నడుస్తుంది. పుండు అక్కడ మొదలై ఎముకకు చేరుతుంది. వంగిన వేళ్లను స్నాయువు మార్పిడితో మళ్లీ పనికి తెచ్చే శస్త్రచికిత్సలకు, అరికాలి పుండ్లను తప్పించే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పుల వాడకానికి ఆ ప్రాంతం కేంద్రమైంది. ఈ చెప్పులు ఇప్పటికీ ఆరోగ్య శాఖ ఇస్తుంది. నల్లగా, వెనుక పట్టీతో అందరివీ ఒకేలా ఉండటం వల్ల వాటిని చూడగానే ఊళ్లో తెలిసిపోతుందని కొందరు తొడుక్కోరు. రంగు మార్చడానికి, నాలుగు నమూనాలు చేయించడానికి ఎంత ఖర్చవుతుందని!

ఇది ఉష్ణమండల రోగమన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. సూక్ష్మజీవిని 1873లో హాన్సెన్ కనిపెట్టింది చలి దేశమైన నార్వేలో, బెర్గెన్ నగరంలో. ఆ దేశం 1856లోనే కుష్ఠు రోగుల జాతీయ రిజిస్టరు మొదలుపెట్టింది, ఒక వ్యాధికి దేశం మొత్తానికీ రిజిస్టరు పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. సరైన మందేదీ రాకముందే అక్కడ వ్యాధి తగ్గిపోయింది. ఇరుకు గదులు, అరకొర తిండి ఉన్నచోట ఇది నిలుస్తుంది. ఇవాళ అవి ఎక్కువగా వేడి దేశాల్లో ఉన్నాయి.

చట్టాలు కాస్త మెరుగుపడ్డాయి. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టాన్ని 2016లో రద్దు చేశారు. విడాకులకు కుష్ఠును కారణంగా చూపే వీలును 2019లో తీసేశారు. ఇళ్లలో మార్పు అంత వేగంగా రాలేదు. రోగి దగ్గరివారికి ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే తరువాతి రెండేళ్లలో వ్యాధి వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని బంగ్లాదేశ్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది, ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది, మన జాతీయ కార్యక్రమం కూడా ఇస్తోంది. ముందుగా క్షయ, కుష్ఠు లక్షణాలు లేవని చూసుకుని ఇవ్వాలి. మందు చవక, పద్ధతి సులువు. అయితే ఆ మాత్ర ఇంట్లోవాళ్లకు, పక్కింటివాళ్లకు ఇవ్వాలంటే ముందు రోగి తన సంగతి వాళ్లకు తెలియనివ్వాలి. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే. ఆమె ఒక ఇంటికి మాత్రల డబ్బాతో రెండుసార్లు పోతే వీధికంతా అర్థమవుతుంది. అందుకే రోగులు చాలామంది “మా ఇంటికి ఎవరినీ పంపొద్దు సార్, పిల్లల్ని నేనే తీసుకొస్తా” అంటారు. కొందరు తీసుకొస్తారు, కొందరు రారు.

ఒక ఇంటిని వేలెత్తి చూపకుండా వీధి మొత్తానికి చర్మ పరీక్షల శిబిరం పెట్టడమే ఇందుకు మార్గమని నాకు అనిపిస్తుంది. మొండి తామర ఈ మధ్య ఏ వీధినీ వదలలేదు, దానికి మందు ఇస్తామంటే ఆడవాళ్లు, పిల్లలు కూడా వస్తారు. చాటుకు ఒక గది, మహిళా వైద్యురాలు, నరాలు తడమడం తెలిసిన పాత పారామెడికల్ ఉద్యోగి ఒకరు ఉంటే చాలు. తామర కోసం చొక్కా విప్పిన మనిషి వీపును వెలుతురులో పూర్తిగా చూడవచ్చు. మాత్రలు కూడా ఆ వీధిలో అర్హులందరికీ ఒకేసారి ఇచ్చేస్తే, ఎవరి వల్ల ఇస్తున్నారన్న ప్రశ్న పుట్టదు.